మధ్యాహ్నం దాకా మౌనం

ఉప్మా నోట్లో పెట్టుకోగానే వెంకటప్పయ్యకు కోపం నషాళానికంటింది. చిటికెడు ఉప్పు కూడా లేదు. నోరు తెరవబోయి, గోడ గడియారం వంక చూసి ఆగిపోయాడు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేదాకా ఆయన మాట్లాడకూడదు. డాక్టరు ఆజ్ఞ.

పళ్లెం చూపించాడు. నాలుక చూపించాడు. చేతులు గాల్లో తిప్పాడు.

"ఏందండీ? నీళ్లు కావాలా?" అంది భార్య శేషారత్నం.

తల అడ్డంగా ఊపాడు.

"ఇంకాస్త పెట్టమంటారా?" అంటూ మరో గరిటె వడ్డించింది.

కళ్లు మూసుకుని అదీ మింగేశాడు. నెల క్రితమైతే ఆ ఉప్పు సంగతి వీధి చివరిదాకా తెలిసిపోయేది.

నకరికల్లులో మిరపచేల మీద కూలీలను అదిలించిన గొంతు అది. పొలం కౌలుకిచ్చి నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాక, అరవడానికి ఆయనకు శేషారత్నం ఒక్కతే మిగిలింది. పాలు ఎందుకు పొంగాయి, ఫ్యాను ఎవరు ఆపలేదు, చెప్పులు ఎవరు జరిపారు, అన్నిటికీ ఆయన తీర్పు ఉండాల్సిందే.

అలాంటి మనిషి నోరు కట్టేసుకున్నాడంటే కారణం భయం. పెదకూరపాడులో ఆయన అన్నకు బీపీ పెరిగి పక్షవాతం వచ్చింది. మూతి వంకరపోయి, ఇంకొకరు చెంచాతో పోస్తే జావ తాగుతున్న అన్నను చూసి వచ్చిన మర్నాడే, "పదవే, ఆస్పత్రికి పోదాం" అంటూ శేషారత్నాన్ని వెంటబెట్టుకుని డాక్టర్ షెర్లీ దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు ఇద్దర్నీ పరీక్ష చేసింది. "నిద్ర పడుతోందా అమ్మా?" అని శేషారత్నాన్ని అడిగితే, "దానికేంది తల్లీ, మొద్దు నిద్ర" అని ఆయనే చెప్పాడు. "తలనొప్పి ఏమైనా వస్తోందా?" అంటే, "అదంతా టీవీ వల్ల" అని కూడా ఆయనే చెప్పాడు.

డాక్టరు పెన్ను పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది. "బీపీ బాగా ఎక్కువగా ఉంది" అంది.

"అంకె చెప్పమాక తల్లీ! వింటే ఇక్కడే పడిపోతా. మాత్రలు మింగాలా?"

"మీకు మాత్రలు వద్దు. మీరు చెయ్యాల్సింది వేరే ఉంది. ఒళ్లు, మనసు, ఆత్మ, మూడూ కుదురుగా ఉంటేనే ఇది తగ్గేది. ఒంటికోసం పొద్దున్నే బయటికెళ్లి నడవండి. తొందరపడి ఇంటికి రావద్దు. మనసుకోసం మధ్యాహ్నం దాకా మౌనం."

"మరి ఆత్మకి?"

"రోజూ ఇంట్లోవాళ్లను 'నీకేం కావాలి' అని అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో నోరెత్తకండి."

మాత్రల్లేకుండా బీపీ తగ్గించే డాక్టరు దొరికినందుకు వెంకటప్పయ్య పొంగిపోయాడు. కాకపోతే ఆ ఆత్మ వైద్యమే కొరుకుడు పడలేదు.

"నీకేం కావాలే?" అని మొదటిరోజు రాత్రి భోజనాల దగ్గర అడిగితే, శేషారత్నం బెదిరిపోయింది.

"నాకా? నాకేం వద్దండీ."

మర్నాడూ అదే జవాబు. ఆ మర్నాడూ అంతే. వారం గడిచాక ఓ రాత్రి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నెమ్మదిగా అంది. "చిన్నప్పట్నించీ మాచర్ల పోయి ఎత్తిపోతల చూడాలనుందండీ. మా నాయన తీసుకుపోతానన్నాడు. ఆయనే పోయాడు. తర్వాత మిమ్మల్ని అడుగుదామనుకున్నా. ఎప్పుడూ అడగలా."

'ఇప్పుడు అక్కడేం ఉందే, చూడటానికి' అనబోయి పెదవులు బిగపట్టాడు. అంతలోనే ఆయన గుండె కలుక్కుమంది. పూట ప్రయాణం కూడా లేని మాచర్ల కోసం ఇన్నేళ్లు కాచుకుందా ఈ పిచ్చిది!

ఆదివారం బస్సెక్కించాడు. తుంపర్లకు పైట తడిసిపోతున్నా కదలకుండా నిలబడి ఆమె జలపాతాన్ని చూస్తుంటే, ఆయన ఆమెను చూస్తూ నిలబడ్డాడు. ఆమె పళ్లు కనిపించేలా నవ్వి ఎంత కాలమైందో గుర్తు రాలేదు. నిజంగానే సంతోషమేసింది.

ఆ తర్వాత ఇంటికి కళ వచ్చింది. శేషారత్నం వంటింట్లో కూనిరాగాలు తీస్తోంది. మధ్యాహ్నం పూట హాయిగా కునుకు తీస్తోంది. "చూశావా, నేను బాగుపడితే ఇల్లే బాగుపడుద్ది" అన్నాడాయన, పన్నెండు దాటాక.

సాయంత్రాలు దావూద్ మెకానిక్ షెడ్డులో కూర్చుని ప్రసంగాలు మొదలుపెట్టాడు.

"ఒళ్లు, మనసు, ఆత్మ. మూడూ సర్దుకోవాలిరా దావూదూ. ఒక్కటి తప్పినా మనిషి పనికిరాడు."

"నువ్వేమో ఇట్టా చెప్తన్నావు బాబాయ్. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను కూడా తీసుకుపోతానని మా ఇంటిది అబిదా ఒకటే గొడవ. నాకే రోగం లేదంటే ఇనదే!"

"లేదనుకోవటమే రోగంరా" అన్నాడు వెంకటప్పయ్య, అన్నీ తెలిసిన మునిలా.

నెల తిరిగింది. మళ్లీ చూపించుకునే రోజు ఆయన తెల్లారకముందే తయారై కూర్చున్నాడు. ఇంత చేసినా తగ్గకపోతే? అన్న వంకరమూతి కళ్లముందు కదలాడింది. డాక్టరు గదిలోకి శేషారత్నం చెయ్యి పట్టుకునే వెళ్లాడు.

"చెప్పినవన్నీ చేశారా?" అంది షెర్లీ.

"అక్షరం పొల్లు పోనీలా తల్లీ. కావాలంటే దీన్ని అడుగు."

"చేశారమ్మా" అంది శేషారత్నం. "పాపం, చానా కష్టపడ్డారు. నేనైతే నమ్మలా."

"మంచిది. అయితే పనిచేసిందో లేదో చూద్దాం."

వెంకటప్పయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. చెయ్యి బల్లమీద చాపి, కళ్లు గట్టిగా మూసుకుని, కోటప్పకొండ దేవుడికి మొక్కుకున్నాడు. ఎంతసేపటికీ చేతికి ఏమీ తగలకపోయేసరికి మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

డాక్టరు బీపీ పట్టీని శేషారత్నం చేతికి చుడుతోంది.