పదమూడు వంకల కెరిస్

“గేటు వేసెయ్, కస్మో,” అన్నాడు హాదిప్రకోసో, చేతిలోని కెరిస్ బాకు మీంచి చూపు తిప్పకుండా.

కస్మో లేచి వెళ్లాడు. వానకు తడిసిన గేటు కిర్రుమంది. చాప మీద కూర్చున్న లసియెమ్ ఆ చప్పుడుకు ఒకసారి తలెత్తి, మళ్లీ దించుకుంది. ఆమె ముందు పెట్టిన తియ్యటి టీ అలాగే ఉంది.

జావాలోని సోలో నగరంలో పాత కెరిస్‌ను ఒర తీసి చూడగానే అది ఏ కాలానిదో, ఎవరి కొలిమిలో పుట్టిందో చెప్పగలవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో హాదిప్రకోసో ఒకడు. ఆదివారం పొద్దున ఆయన ఇంటి ముందు మండపంలో ఈ బాకులు సేకరించేవాళ్లు చేరుతుంటారు. ఆవేళ వాన వల్ల పాత మిత్రుడు కస్మో ఒక్కడే వచ్చాడు. కాసేపటికి లసియెమ్ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. వొనొగిరి కొండల్లోంచి మొదటి బస్సెక్కి వచ్చానంది. ఒళ్లో తెల్లగుడ్డ మూట, అందులో ఈ కెరిస్.

“ఇది ఎవరిదో మీరైతే చెప్పగలరన్నారు, దెన్ మాస్,” అంది. రాచవంశంవాళ్లను పల్లెజనం పిలిచే పిలుపు అది.

హాదిప్రకోసో దాన్ని రెండు చేతులా అందుకుని, నుదుటికి ఆనించుకుని, ఒర లాగాడు. పదమూడు వంకలు. నల్లటి ఇనుము మీద బియ్యం చల్లినట్టు తెల్లటి చుక్కలు. పిడి మొదట్లో నోరు తెరిచిన చిన్న సింహం. దాని ఎడమ చెవి విరిగి ఉంది.

ఆ విరిగిన చెవి ఆయన వేలికి తెలుసు. పదేళ్లప్పుడు, సురో నెలలో తండ్రి ఆయుధాలన్నీ నిమ్మరసంతో కడుగుతుంటే పక్కన కూర్చుని తడిమిన చెవి అది. మరుసటి ఏడు ఆ కెరిస్ పెట్టెలో లేదు. “పోయింది,” అన్నాడు తండ్రి. ఒక్క మాటే. ఎవర్నీ వెతకనివ్వలేదు. ఆ ఏడాదంతా అమ్మ తండ్రితో సరిగా మాట్లాడలేదు.

ముప్పై అయిదేళ్లయింది.

“ఇది నీకెక్కడిది?”

“మా ఇంట్లోదే, దెన్ మాస్.”

కస్మో తిరిగొచ్చి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. “ఇదేమన్నా కొబ్బరికాయలు కొట్టుకునే కత్తా తల్లీ, మీ వంటింట్లో దొరకడానికి? ఎప్పట్నుంచి ఉంది?”

“నాకు పదిహేనేళ్లప్పట్నుంచి.”

“ఎవరు తెచ్చారు?”

“పట్నం నుంచి ఇద్దరు మనుషులు. మా నాన్నతో మాట్లాడారు. ఎవరిదో ఎక్కడా చెప్పొద్దని మాట తీసుకున్నారు. మళ్లీ వచ్చి తీసుకెళ్తామన్నారు.”

“వచ్చారా?”

“రాలేదు.”

కస్మో నవ్వాడు. “విన్నావా హాదీ? దొంగసొత్తు దాచడానికి కొండ మీద మంచి ఇల్లే వెతుక్కున్నారు.”

“మా నాన్న దొంగ కాడు.” ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. “మాటిచ్చాడు గనక ఆ పేరు నాక్కూడా చెప్పకుండానే జపాన్‌వాళ్లు మనల్ని ఏలిన కాలంలో పోయాడు.”

హాదిప్రకోసో కెరిస్‌ను వెలుతురుకు తిప్పాడు. ఎక్కడా పిసరంత తుప్పు లేదు. తన పెట్టెలో ఉన్నవి కూడా ఇంత శుభ్రంగా లేవు. దాంతో ఆయన కోపం ఎటూ పోలేక లోపలే ఉడికింది.

“దీన్ని ఎవరు చూసుకున్నారు?”

“నేనే. ఏటా సురో నెలలో కడిగాను. మల్లెనూనె పట్టించాను. గురువారం సాయంత్రాలు పూలు పెట్టాను. జపాన్‌వాళ్లు ఇనుము కోసం ఇళ్లు సోదా చేసినప్పుడు నడుముకు కట్టుకుని అడవిలో పడుకున్నాను.”

“ఇంత కష్టం దేనికి? అమ్మి పారేస్తే పోయేదిగా,” అన్నాడు కస్మో.

“ఆ మాట అనకండి.”

ఆమె చూసిన చూపుకు కస్మో ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ నోరు ఊరుకోలేదు. “పోలీస్ స్టేషన్ ఈ వీధి చివరే. పిలుచుకురానా?”

“ఆగు,” అన్నాడు హాదిప్రకోసో. ఆమె వైపు తిరిగాడు. “మరి ఇప్పుడెందుకు తెచ్చావు?”

“కళ్లు మసకేస్తున్నాయి. మొన్న తుడుస్తుంటే వేలు తెగింది. నా తర్వాత ఎవరి చేతిలో పడుతుందో ఏమో. సొంతదారు ఉంటే ఆయన చేతికే ఇస్తాను. ఇంకెవరికీ ఇవ్వను.” చెయ్యి చాచింది. “ఎవరిదో చెప్పండి. తెలియదంటే ఇచ్చెయ్యండి, పోతాను.”

“ఇది మా నాన్నది.”

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె హాదిప్రకోసో నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటే చూసింది, ఏదో పోయిన వస్తువు వెతుక్కుంటున్నట్టు.

“ఆయన లోపల ఉన్నారా?”

“పోయి ఎనిమిదేళ్లయింది.”

ఆమె చాచిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. “ఏ నెలలో?”

“అదెందుకు నీకు?”

“ఏ నెలలో, దెన్ మాస్?”

“రువహ్ నెలలో. గురువారం.”

లసియెమ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. మోకాలు తగిలి టీ గ్లాసు ఒరిగి, చాపంతా తడిసింది.

“దొరికిపోయాక ఏడుపెందుకు?” అంటూ కస్మో గొడుగు తీసుకుని గేటు వైపు నడిచాడు. ఈసారి హాదిప్రకోసో ఆపలేదు.

కెరిస్‌ను ఒరలో పెట్టి, తెల్లగుడ్డ మీద ఇద్దరికీ మధ్య ఉంచాడు.

“చూడమ్మా, ఆఖరిసారి అడుగుతున్నాను. పోలీసులు వచ్చేలోపు నిజం చెప్పు. ఆ మనుషులు దీన్ని మీ ఇంటికే ఎందుకు తెచ్చారు?”

లసియెమ్ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పెళ్లినాడు పెళ్లికొడుకు బదులు నా పక్కన దీన్నే కూర్చోబెట్టారు.”