అద్దెకిచ్చిన చూపు

కొల్లేటికి ఇప్పుడు యాత్రికులెవరూ రారు. పట్నాల్లో తమ ఇళ్ళల్లోనే కూర్చుని, సరస్సు నడిమి లంక ఊళ్ళో ఉండే ముత్యాలు అనే జాలరి ఆవిడ నుదుటికి కట్టుకున్న పట్టీలోంచి ఆమె కళ్ళతో సరస్సును చూస్తారు.

"ముత్యాలుగారూ, రెప్ప వేయకండి. నలభై మంది చూస్తున్నారు," అంది చెవిలో టూరిజం ఆఫీసు గొంతు.

ఆమె ఎదుట నీళ్ళ మీద ఉన్నవి ఆ ఏడు తొలిసారి దిగిన గూడబాతులు, సంచి ముక్కుల పెద్ద వలస పిట్టలు. మొగుడూ పెళ్ళాం కలిసి వాటిని చూశాకే కొత్త వల వేయడం లంకవాళ్ళ ఆనవాయితీ.

పొద్దువాలాక పట్టీ విప్పింది. కళ్ళు భగభగ మండుతున్నాయి. మొగుడు ఏడుకొండలు కొత్త వలతో దోనె దగ్గర కాచుకుని ఉన్నాడు.

"పొద్దుట్నుంచీ సూశావుగా, ఎట్టా ఉన్నాయే?"

"ఏమో మావా. ఆళ్ళు సూశారు. నాకు రెప్ప ఆపుకోటంతోనే సరిపోయింది."

"రా మరి, ఇద్దరం సూద్దాం. చీకటి పడితే వల రేపటికే."

దోనె పిట్టల దాకా వెళ్ళింది. ముత్యాలు అతని మోకాలికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"తెరవ్వే, అయిగో!"

"నువ్వు సూసి సెప్పు మావా. నా కళ్ళకి ఓపిక లేదు."

ఏడుకొండలు వల పక్కన పెట్టాడు.

"మరి నన్ను రెప్ప ఎయ్యనిత్తావా?"

"ఎన్నిసార్లయినా ఏసుకో," అంది ముత్యాలు.