మద్దిచెట్టు మీద పాట

పాటపిట్ట పిల్లల్ని నోట వేసుకోవాలని జెముడుకాకి పన్నెండు రోజులు కాపు కాసింది. పిట్ట పొద్దున్నే మద్దిచెట్టెక్కి గొంతెత్తి పాడేది. "పాట ఇక్కడుంటే గూడెక్కడికి పోతుంది?" అనుకుని కాకి ఆ చెట్టును కొమ్మకొమ్మా గాలించింది. ఎండుటాకులు తప్ప ఏమీ దొరకలేదు.

పదమూడో రోజు వాగుపక్క వెదురుపొదలోంచి నాలుగు పిల్లలు తడబడుతూ లేచాయి. కాకి నెత్తిమీదుగా ఎగిరి, మద్దికొమ్మ మీద తండ్రి పక్కన వాలాయి.

"రోజూ ఆ పొద పక్కనుంచే పోయానే!" అని కాకి నోరెళ్లబెట్టింది.

"పోయావు మామా," అని నవ్వింది పిట్ట. "నేను పాడిన చోటల్లా వెతికావు. నోరు మూసుకుని దూరిన చోటు ఒక్కటీ చూడలేదు."

అంటూనే పాట ఎత్తుకుంది. పిల్లలు నాలుగూ వచ్చీరాని గొంతులతో అందుకున్నాయి.