నెత్తళ్ళు ఎండే చిత్తడి

"ఆ జెండా పీకెయ్ సార్. అది నా దిబ్బ," అంది కామమ్మ.

జువ్వలదిన్నెకు ఇవతల, తారు రోడ్డును ఆనుకుని ఉన్న ఎకరన్నర ఇసక దిబ్బ అది. దాని మీద పరిచిన పాత వలల్లో నెత్తళ్ళు కరకరలాడేట్టు ఎండుతున్నాయి. సరిగ్గా ఆ చేపల మధ్యలో, ఇది చిత్తడి నేల అని చెప్పే ఎర్రజెండా పాతాడు కిషోర్ బాబు. ఎక్కడ తడి, ఎక్కడ పొడి అని హద్దులు తేల్చి పటం గీయడానికి నెల్లూరు నుంచి దిగిన ఇంజినీరు ఆయన. పొద్దున టిఫిను పద్మనాభయ్య ఇంట్లో తిన్నాడు కాబట్టి హద్దులన్నీ అక్కడే తేలిపోయాయి.

నిజానికి నీళ్ళు నిలిచేది దిబ్బ వెనక పద్మనాభయ్య కొన్న పన్నెండెకరాల్లో. మూడు పక్కలా ఉప్పుటేరు చుట్టుకున్న పల్లం అది. నిలువెత్తు తుంగ, మోకాలి లోతు బురద. దాన్ని మెట్ట నేలగా రాయించుకుని ప్లాట్లు కొట్టి అమ్మాలని ఆ పెద్దమనిషి ఆరాటం.

"నీళ్ళు నిలిచేది అయ్యగారి నేలలో గదా సార్. ఈడ తడుంటే నా చేపలెట్టా ఎండుతాయి?"

"ఏమే కామమ్మా, నువ్వెప్పుడు ఇంజినీరువైనావు?" కారుకు ఆనుకుని నిలబడ్డ పద్మనాభయ్య ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "దూరంగా ఉండి మాట్లాడు. కంపు కొడతా ఉండావు."

కిషోర్ బాబు మట్టి తీసే గొట్టాన్ని దిబ్బలో దించాడు. పైకి లాగితే పొడి ఇసక జలజలా రాలింది. ఆయన కొంచెం కూడా సిగ్గుపడలేదు. మంచినీళ్ళ సీసా మూత తీసి సగం సీసా ఆ గుంటలో పోసి, తడి ఆరకముందే ఫొటో తీసుకున్నాడు. ఇంత చదువూ ఇందుకా అని కామమ్మకు అసహ్యం వేసింది.

"ఇదేం న్యాయం సార్?"

"ఎక్కడో ఒకచోట కాస్త చిత్తడి చూపించకపోతే పైవాళ్ళు నమ్మరు," అన్నాడాయన చేతిలోని ట్యాబ్ నుంచి తలెత్తకుండా. "పట్టా నీదే, చేపలు ఎండబెట్టుకో. ఉన్న నేల ఉన్నట్టు ఉండాలి, అంతే. ఇక మీదట దీని మీద తట్ట మన్ను కూడా పోయకూడదు."

"మా ఇంటికి అన్నం పెట్టేది ఇదొక్కటే సార్. రేపు ఎవురన్నా వచ్చి కంకర తోలితే?"

"తోలకూడదని చెప్తున్నానుగా."

"డబ్బుండేవాళ్ళు కొనుక్కోని తోలినా?"

"ఎవరు కొన్నా అంతే. మంత్రి కొన్నా అంతే. కేసు పెట్టి లోపల వేస్తారు."

"మళ్ళీ ఎవురూ మార్చలేరా?"

"ఒకటే మాట ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?" పద్మనాభయ్య విసుక్కున్నాడు. "తలలో ఉండేది బంకమన్నా? చిత్తడని ముద్ర పడినాక దీన్ని కుక్క కూడా కొనదు. పోనీలే అని నేనే ఏదో ఒకటిచ్చి తీసుకుంటా. ముందు ఈ ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వెయ్."

ఇంకు డబ్బా తెరిచి ఆమె ముందుకు తోశాడు. కామమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. కిషోర్ బాబు జేబులోని పెన్ను అడిగి తీసుకుని, తన నేల చిత్తడేనని ఒప్పుకుంటూ గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఇంత తేలిగ్గా లొంగిపోయిందేమిటా అని మగవాళ్ళిద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు.

కిషోర్ బాబు కాగితాన్ని ఫొటో తీసి, పటంతో పాటు ట్యాబ్‌లో పంపేశాడు. "వెళ్ళిపోయింది సార్. ఇక మార్చడం నా వల్ల కూడా కాదు. మీ పన్నెండెకరాలూ మెట్టే."

పద్మనాభయ్య ఆయన భుజం తట్టాడు. "మీ మేలు మర్చిపోను. రేప్పొద్దున్నే వంద లారీల కంకర దింపతా. ముందు నలభై అడుగుల రోడ్డు ఏసినామంటే ప్లాట్లు వారంలో అయిపోతాయి."

కామమ్మ వంగి నెత్తళ్ళు తిరగేస్తూ అడిగింది.

"యాడినించి ఏస్తావయ్యా రోడ్డు? ఏరు దాటకుండా నీ నేలలోకి పొయ్యేదానికి ఉండేది నా చిత్తడి ఒక్కటే గదా."