పొడుగు చెట్టు

వేణమ్మ నర్సరీ పెట్టిన ముప్పై ఏళ్లకు కోనసీమ అంతా ఆమె పొట్టి కొబ్బరే. నేల మీద నిలబడి కాయ కోసుకోవచ్చు. పొడుగు చెట్టు ఒక్కటే మిగిలింది, పొట్టి రకంతో సంకరం చేసే పుప్పొడి కోసం, ఆమె పెరట్లో.

ఆ మధ్యాహ్నం ఉప్పెనకు గట్టు తెగింది. రేకుల ఇళ్లు కొట్టుకుపోయాయి. వేణమ్మ కాక ఇంకో పదకొండు మంది ఆ చెట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో డెబ్బై ఏళ్ల సూరన్నకు తప్ప చెట్టెక్కడం ఎవరికీ రాదు. ఒకప్పుడు అతను కాయలు దింపేవాడు.

"చెట్టెక్కే పనే ఉండదని చెప్పి మొక్కలు అమ్మేవు కదమ్మా," అన్నాడు, కాళ్లకు బంధం వేసుకుంటూ.

"ఇప్పుడా ఆ మాట? ఎక్కు బాబాయ్!"

అతను ఎక్కి, మట్టల మధ్య కూర్చుని మోకు తాడు కిందికి వదిలాడు.

"చెట్టు ఊగిపోతోంది! ఇంకొక్కరినే మోస్తాది!"

నీళ్లు నడుము దాటాయి. మోకు కొస వేణమ్మ చేతికి అందింది. మిగతా పది మందీ ఆమెనే చూస్తున్నారు. అందరూ ఆమె దగ్గర మొక్కలు కొన్నవాళ్లే.