జబ్బుపడి లేచిన తోడు

ఈ ఏడు పెరుగుకు వైరస్ సోకింది. ఎవరు తోడేసినా తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటున్నాయి. తోడులోని సూక్ష్మజీవులకూ జబ్బు చేస్తుందనీ, బతికి బయటపడ్డవి ఆ శత్రువును గుర్తుపెట్టుకుని తమ సంతానానికీ నేర్పుతాయనీ ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకే తోడుకెళ్లినవాళ్లు ముందు “ఏ జబ్బు పడి లేచింది?” అని అడుగుతున్నారు.

ఊళ్లో అన్నీ తట్టుకున్న తోడు సుభద్రమ్మ ఇంట్లోనే మిగిలింది. దాన్ని పాచి తోడని వెక్కిరించి ప్యాకెట్ తోడుకు మారిన తోడికోడలు మంగతాయారుకు ఆమెతో రెండేళ్లుగా మాటల్లేవు. తెల్లారితే తన కూతురి సీమంతం, నలభై మందికి పెరుగన్నం పెట్టాలి. సిగ్గు చంపుకుని గిన్నెతో వెళ్లింది.

“పాచి తోడుతో నీకేం పనే? అయినా దీపాలు పెట్టాక పెరుగు గడప దాటనివ్వను. అత్తయ్య నీకు చెప్పలేదా?”

“చెప్పిందక్కా. పాలు లోపలికొస్తే తప్పని మాత్రం చెప్పలేదు.”

సుభద్రమ్మకు నవ్వాగలేదు. “తెలివికేం తక్కువ లేదు. తీసుకురా.”

మంగతాయారు పాలక్యాను మోసుకొచ్చింది. ఇద్దరూ కలిసి తోడేశారు. ఆమె వెళ్లబోతుంటే సుభద్రమ్మ పీట వాల్చింది.

“ఎక్కడికి? తోడుకునేదాకా క్యాను కదపకూడదు. నువ్వూ కదలకు. అన్నం వడ్డిస్తున్నా.”