తాళం పడే ఫైలు

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఆమెకు సర్వర్ గదిలో అది వరసగా మూడో రాత్రి. డేటాబేస్ లేవడం లేదు. ఫైలు తెరవడానికి అనుమతి లేదని ఒకటే పాట. పొద్దున ఆరింటికి ఆపరేషన్లున్నాయి. రోగుల రక్తం గ్రూపులన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి.

ఆమె అనుమతి ఇచ్చింది. డేటాబేస్ లేచింది. నిమిషం తిరక్కుండానే మళ్ళీ పడిపోయింది. ఎవరో ఆ అనుమతి తీసేశారు. ఏడోసారి కూడా అంతే అయ్యేసరికి ఆమెకు ఏడ్చినంత పనైంది. ఇంట్లో ఉన్న సీనియర్‌కి ఫోన్ చేసింది.

"అన్నా, ఎవరు తీసేస్తున్నారో కాస్త చూసిపెట్టవా? నా బుర్ర పనిచెయ్యడం లేదు."

ఆయన తన కంప్యూటర్లోంచి సర్వర్‌లోకి వచ్చి చూశాడు. "నువ్వేనమ్మా. నీ పేరే ఉంది, నీ ముందున్న కీబోర్డు నుంచే. నిద్రమత్తులో కొడుతున్నట్టున్నావ్."

ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"ఇదిగో, మళ్ళీ తీసేశావు," అన్నాడాయన. "ఒక అక్షరం తప్పు కొట్టి, చెరిపి, దిద్దావు కూడా."

"అన్నా, నేను కీబోర్డు ముట్టుకోలేదు."

"మరి ఇప్పుడు రాస్తున్నదెవరు?"

ఆమె తెర మీద ఏమీ లేదు. "ఏం రాస్తున్నారు?"

ఆయన తన తెర మీద పడుతున్న మాటలు ఒక్కొక్కటే చదివాడు.

"అలిసిపోయాను, ఇక నన్ను లేపొద్దు, అని."

ఆమె కీబోర్డు వైపు చూసింది. ఒక మీట మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ పైకి రాలేదు.